మానడం ఒక పని, మాని ఉండటం ఇంకో పని

"ఇంకెప్పుడూ ముట్టను" అని ఒట్టు వేసిన మనిషి అబద్ధమాడుతున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు ఆ క్షణాన అతను నిజమే చెబుతుంటాడు. ఒట్టు వేసేటప్పుడు మాట్లాడేది మెదడులో ఒక భాగం. నలభయ్యో రోజు సాయంత్రం, పాత స్నేహితుడి గొంతు ఫోన్లో వినబడగానే పగ్గాలు లాక్కునేది ఇంకో భాగం. ఆ రెండోదానికి ఒట్లు తెలియవు. అది మాటల ద్వారా నేర్చుకున్నది కాదు కాబట్టి మాటలతో మరిచిపోదు.

వ్యసనం మెదడుకు సంబంధించిన జబ్బని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. కానీ వైద్యం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు కూడా పాత లెక్కే వేస్తారు. పది రోజులు ఆసుపత్రిలో పెడితే ఒంట్లోంచి మత్తు దిగిపోతుంది, ఆ తర్వాత మనసు గట్టి చేసుకోవడం అతని బాధ్యత అని. డబ్బు, ఓపిక, సెలవులు అన్నీ ఆ పది రోజులకే ఖర్చుపెడతారు. అసలు జబ్బు పదకొండో రోజు నుంచి మొదలవుతుంది. ఈ తేడా తెలియక పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. అందుకే మెదడులో ఏం మారుతుందో, అందులో ఏది రోజుల్లో సర్దుకుంటుందో, ఏది నెలలు, ఏళ్లు పడుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మనవాళ్లు తాగేదాన్నీ మందే అంటారు, జబ్బుకు వేసుకునేదాన్నీ మందే అంటారు. ఇక్కడ మందు అంటే వైద్యానికి వాడేదే. తాగేది మద్యం.

డోపమైన్ సంగతి

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులోకి సన్నటి తీగలు దించి, మీట నొక్కితే అక్కడ కొద్దిగా కరెంటు తగిలేలా ఏర్పాటు చేశారు. కొన్ని చోట్ల తీగ ఉన్న ఎలుకలు గంటకు వందల సార్లు ఆ మీట నొక్కాయి. మెదడులో సుఖకేంద్రం దొరికిందని అప్పట్లో ప్రచారమైంది. డోపమైన్ అంటే సుఖం ఇచ్చే రసాయనం అన్న మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇది సగం తప్పు. ఆ తప్పు సరిదిద్దుకుంటే తప్ప వ్యసనం అర్థం కాదు.

1990లలో వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాలను ఒక్కొక్కటిగా గమనించాడు. కోతికి అనుకోకుండా పళ్లరసం చుక్క అందితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్లకు స్పందన రసం నుంచి దీపానికి మారింది. రసం వచ్చినప్పుడు కణాల్లో చలనం లేదు. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణానికి వాటి చురుకు మామూలు కన్నా కిందికి పడిపోయింది. అంటే డోపమైన్ కణాలు చూసుకునేది "అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంత" అన్న లెక్క. ఎక్కువ వస్తే, దానికి ముందు ఏం జరిగిందో గట్టిగా గుర్తుపెట్టుకోమని మెదడుకు చెబుతాయి. అనుకున్నంతే వస్తే నేర్చుకోవడానికి కొత్తగా ఏమీ లేదు.

తిండి, ఆట, మెప్పు వంటివి ఈ లెక్కకు లోబడతాయి. అలవాటయ్యేకొద్దీ పాఠం ఆగిపోతుంది. మత్తు పదార్థాలు లోబడవు. వాడేసిన డోపమైన్ తిరిగి కణంలోకి వెళ్లే దారిని కొకైన్ మూసేస్తుంది. ఆంఫెటమైన్లు ఆ దారినే వెనక్కి తిప్పి డోపమైన్‌ను బయటికి నెడతాయి. హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు డోపమైన్ కణాల మీదున్న బ్రేకును ఎత్తేస్తాయి. నికోటిన్ నేరుగా వాటిని రేపుతుంది. మద్యం ఒకటికి రెండు దారుల్లో పనిచేస్తుంది. దారి ఏదైనా, అంచనాతో సంబంధం లేకుండా రసాయన బలంతోనే డోపమైన్ పెరుగుతుంది. అందువల్ల వెయ్యోసారి కూడా మెదడుకు "అనుకున్నదానికన్నా మంచిది దొరికింది" అన్న తప్పుడు కబురే అందుతుంది. గ్లాసుల చప్పుడు, ఆ వీధి మలుపు, జీతం పడిన మెసేజ్, సాయంత్రం ఏడు గంటలు, ఇలా దానికి ముందున్న ప్రతిదీ ఒక్కో దీపంగా మారుతుంది.

మెదడుకు చేరే వేగం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అదే నికోటిన్ చర్మం మీది పట్టీ నుంచి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కుతుంది. పదార్థం ఒకటే. పట్టీకి బానిసలైనవాళ్లు మాత్రం దాదాపు కనిపించరు. పీల్చడం, సూదితో ఎక్కించుకోవడం మింగడం కన్నా ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

కోరిక వేరు, ఇష్టం వేరు

మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఎలుకల్లో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసి చూశారు. నోట్లో తీపి వేస్తే అవి మామూలుగానే మూతి నాక్కుంటూ ఇష్టపడ్డాయి. కానీ ఎదురుగా తిండి ఉన్నా దాని దగ్గరికి వెళ్లలేదు. చేత్తో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోయేవే. ఇష్టానికీ, కావాలనే తపనకూ మెదడులో వేర్వేరు ఏర్పాట్లున్నాయని ఇలాంటి ప్రయోగాలతో తేలింది. వ్యసనంలో పెరుగుతూ పోయేది తపన. ఇష్టం పెరగదు, చాలామందిలో తగ్గిపోతుంది. "ఇప్పుడు తాగినా ఏమీ అనిపించట్లేదు, అయినా తాగకుండా ఉండలేకపోతున్నాను" అని పేషెంట్లు చెప్పే మాట నూటికి నూరుపాళ్లు నిజం. "అంత చేదుగా ఉంటే ఎందుకు తాగుతున్నావు" అని అడిగితే ఆ మనిషి దగ్గర జవాబుండదు. ఆ ప్రశ్న ఇష్టం గురించి, అతని బాధ తపన గురించి.

దీనికి తోడు మిగతా లోకం రుచి తప్పుతుంది. నోరా వోల్కోవ్ బృందం చేసిన మెదడు స్కానుల్లో కొకైన్, మద్యం, హెరాయిన్, మెథాంఫెటమైన్ ఏది వాడినవాళ్లలోనైనా డీ2 అనే డోపమైన్ రిసెప్టర్లు, అంటే కణం మీద ఆ రసాయనాన్ని అందుకునే చోట్లు, తక్కువగా కనిపించాయి. మామూలు ఆనందాలు అందుకునే శక్తి మందగించిందన్నమాట. మానేసిన కొత్తలో పిల్లల నవ్వు కూడా పట్టనట్టు కూర్చునే మనిషిని చూసి "ప్రేమ చచ్చిపోయింది" అనుకోవద్దు. ఇది తిరిగి వస్తుంది, నిదానంగా. మెథాంఫెటమైన్ మానేసినవాళ్లలో, వాడేసిన డోపమైన్‌ను తిరిగి కణంలోకి చేర్చే ట్రాన్స్‌పోర్టర్లు చాలావరకు కోలుకోవడానికి ఏడాది పైనే పట్టినట్టు స్కానులు చూపాయి. ఇన్ని నెలలు ఉప్పులేని కూడులా గడుస్తాయని ముందే చెప్పి ఉంచితే, ఆ మనిషి "ఇంతేనా జీవితం" అని వెనక్కి తిరిగే అవకాశం తగ్గుతుంది. డిశ్చార్జి రోజున ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

తక్కెడ, దాని మీద బరువులు

ఇక మొదటి పది రోజుల సంగతి. ఇది ఎక్కువ వివరం కోరే భాగం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

మెదడులో గాబా అనే రసాయనం కణాలను శాంతపరుస్తుంది, గ్లూటమేట్ రేపుతుంది. రెండూ తక్కెడలా సరితూగుతుంటాయి. మద్యం గాబా వైపు బరువు వేసి గ్లూటమేట్‌ను అణుస్తుంది. రోజూ తాగితే మెదడు ఊరుకోదు. గాబా రిసెప్టర్ల స్పందన తగ్గించుకుని, గ్లూటమేట్ రిసెప్టర్లు పెంచుకుని తక్కెడను మళ్లీ సమం చేస్తుంది. ఎంత తాగినా నిలకడగా నడవగలగడం ఇందువల్లే. అది శరీర బలం కాదు, మెదడు వేసుకున్న ఎదురు బరువు. ఒక ఉదయం మద్యం ఆగిపోతే ఎదురు బరువు ఒక్కటే మిగులుతుంది, తక్కెడ అటు విరుచుకుపడుతుంది.

గంటల లెక్క ఇలా ఉంటుంది. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 8 గంటలకు చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, వాంతి వచ్చేలా ఉండటం, నిద్ర పట్టకపోవడం. కొందరికి 12 నుంచి 24 గంటల మధ్య లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అప్పటికి తానెక్కడున్నాడో తెలుస్తూనే ఉంటుంది. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లో. ఆ తర్వాత 48 నుంచి 96 గంటల మధ్య కొద్దిమందిలో డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. జ్వరం, బీపీ పెరగడం, ఎవరు ఎవరో తెలియకపోవడం, పక్క మీద లేని పురుగులు ఏరుతూ పెనుగులాడటం. ఇది అత్యవసర స్థితి. దెయ్యం పట్టిందనో పిచ్చి ముదిరిందనో అనుకుని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మనిషి చనిపోవచ్చు. సరైన వైద్యం అందితే మరణాలు 5 శాతం లోపే.

కాబట్టి లేవగానే వణుకు తగ్గడానికి తాగే మనిషిని, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషిని ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకూడదు. మద్యం విషయంలో ఒక్కసారిగా ఆపడం ధైర్యం అనిపించుకోదు, ప్రమాదం అనిపించుకుంటుంది. ఆసుపత్రిలో డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందులు ఇస్తారు. అవి కూడా గాబా వైపే బరువు వేస్తాయి. వణుకు, చెమట, నాడి చూసుకుంటూ మోతాదు నిర్ణయించి, 5 నుంచి 7 రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ నయం, అది ఒంట్లో పేరుకుపోదు. ఫిట్స్ మాత్ర కదా అని ఫెనిటోయిన్ ఒక్కటే ఇస్తే ఈ ఫిట్స్ ఆగవు, ఎందుకంటే తక్కెడ మీద అది పెట్టే బరువేమీ లేదు. డయాజెపామ్ మాత్రలు చేతికిచ్చి ఇంటికి పంపడం ఇంకో తప్పు. మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరి ఆగిపోగలదు, అదే కొత్త వ్యసనంగానూ మారగలదు.

తరచూ మరిచిపోయేది బీ1 విటమిన్, అంటే థయమిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తాగేవాళ్లు సరిగా తినరు, తిన్నదాంట్లోంచి కూడా పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి వెర్నికీ ఎన్సెఫలోపతీ అనే మెదడు జబ్బు మొదలుకావచ్చు. తికమక, అడుగు తడబాటు, కనుగుడ్లు అటూ ఇటూ ఊగడం దాని గుర్తులు. మూడూ ఒకేసారి కనబడాలని ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. పట్టించుకోకపోతే కొత్త విషయాలు గుర్తుండని శాశ్వత మరపు మిగులుతుంది. అందుకే సెలైన్ పెట్టకముందే, కనీసం దానితోపాటు, థయమిన్ ఇంజెక్షన్ పడాలి. పక్కనున్న బంధువు "బీ1 ఇచ్చారా" అని అడిగినా మర్యాద లోపమేమీ లేదు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం జరుగుతున్నకొద్దీ ప్రతి విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆపాక ఒంటికి వచ్చే బాధ, ముందటిదానికన్నా తీవ్రంగా ఉండవచ్చు. "పోయినసారి ఇంట్లోనే గడిచిపోయింది" అన్న అనుభవం ఈసారికి హామీ కాదు.

ఓపియాయిడ్లలో నడక వేరు. హెరాయిన్ ఆపిన 8 నుంచి 24 గంటల్లో ఆవులింతలు, కళ్లూ ముక్కూ కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపునొప్పి, విరేచనాలు మొదలై రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరి పది రోజుల్లోపు తగ్గుతాయి. చూడటానికి ఘోరంగా ఉంటుంది కానీ, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే, దీనివల్ల చావడం అరుదు. ఓపియాయిడ్లలో చావు పొంచి ఉండేది విత్‌డ్రాయల్ దాటిన తర్వాత.

పదకొండో రోజు

తక్కెడ సమమైంది. మనిషి తేటపడ్డాడు, తింటున్నాడు, మొహంలో కళ వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ సమయంలో మెదడులో మారనివి మూడున్నాయి.

మొదటిది దీపాల జ్ఞాపకం. ఇది మానేసినకొద్దీ చల్లారాలని మనం అనుకుంటాం. కొకైన్‌కు అలవాటుపడిన ఎలుకల్లో జెఫ్రీ గ్రిమ్, యవిన్ షాహమ్ 2001లో చూసింది దీనికి విరుద్ధం. గుర్తు చేసే సంకేతం ఎదురైతే కలిగే తపన మొదటి రోజుకన్నా నెలకు ఎక్కువ, నెలకన్నా రెండు నెలలకు ఇంకా ఎక్కువ. మనుషుల్లోనూ పొగాకు, మద్యం, కొకైన్ విషయాల్లో ఇలాంటి పోకడ కనిపించింది. మామూలు రోజుల్లో తపన తగ్గుతూనే ఉంటుంది కనుక ఆ మనిషికే ఇది తెలియదు. మూడో నెలలో "ఇప్పుడు నాకేం కాదు" అని పాత చోటికి నిబ్బరంగా వెళ్లేది ఇందుకే.

రెండోది ఒత్తిడి వ్యవస్థ. జార్జ్ కూబ్ ఏళ్ల తరబడి చూపించింది ఇదే. వ్యసనం ముదిరినకొద్దీ మెదడులో ఒత్తిడి రసాయనాలు పెరిగి, మత్తు లేని స్థితే ఒక నొప్పిగా మారుతుంది. మొదట్లో హాయి కోసం వాడినది తర్వాత ఆ నొప్పి తగ్గించుకోవడానికి కావలసివస్తుంది. మానిన చాలా వారాల వరకు చిన్న మాటకే చిరాకు, నిద్రలేమి, కారణం లేని దిగులు ఉంటాయి. ఇంట్లో ఒక పెద్ద గొడవ, ఒక నిద్రలేని రాత్రి కూడా మంచి ముహూర్తం చూసుకుని వచ్చే శత్రువులే.

మూడోది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. "ఆగు, రేపటి సంగతి చూడు" అని చెప్పే భాగం ఇది. దీర్ఘకాలం వాడినవాళ్లలో దీని పట్టు సడలుతుంది. వాడకమేమో ఉద్దేశం నుంచి అలవాటుకు, అంటే స్ట్రయాటమ్ అనే భాగంలో పైవైపుకు, జరుగుతుంది. ఆలోచించకుండా చెప్పులేసుకుని బయల్దేరిన తర్వాత ఆలోచన మొదలవుతుంది. ఈ భాగం మామూలుగానే పాతికేళ్ల వయసు దాకా ఎదుగుతూ ఉంటుంది. 15 ఏళ్లలోపు మద్యం మొదలుపెట్టినవాళ్లు, 20 దాటాక మొదలుపెట్టినవాళ్లకన్నా దాదాపు 4 రెట్లు ఎక్కువగా వ్యసనంలో పడతారన్న లెక్కలో దీని పాత్ర కొంత ఉంది. కాబట్టి ఇంటర్ పిల్లవాడి మొదటి గ్లాసును తేలిగ్గా తీసుకోవడం నాకు అసలు సమ్మతం కాదు.

ఈ మూడూ సర్దుకునే లోపే ఒంట్లో ఒకటి మాత్రం చకచకా మారిపోతుంది, తట్టుకునే శక్తి. ఎదురు బరువు దిగిపోయింది కదా. నెల క్రితం రోజూ వాడిన మోతాదు ఇప్పుడు చంపే మోతాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మరణాలు పరిశీలించి 2007లో ప్రచురించారు. మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంకన్నా 129 రెట్లు. డీఅడిక్షన్ సెంటర్ నుంచి బయటికి వచ్చే మనిషి ఒళ్లూ ఇలాంటిదే.

తట్టుకునే శక్తి చోటును కూడా బట్టి ఉంటుంది. 1982లో షెపర్డ్ సీగల్ హెరాయిన్‌కు అలవాటుపడిన ఎలుకలకు ఒకే పెద్ద మోతాదు ఇచ్చాడు. రోజూ ఇచ్చే గదిలో ఇస్తే 32 శాతం, కొత్త గదిలో ఇస్తే 64 శాతం చనిపోయాయి. అలవాటైన చోటు కనబడగానే శరీరం ముందే ఎదురు బరువు సిద్ధం చేసుకుంటుంది. కొత్త చోట ఆ సిద్ధపాటు ఉండదు.

ఓపియాయిడ్ వాడి మానిన మనిషి ఉన్న ఇంట్లో, ఓపియాయిడ్ల ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ స్ప్రే దొరికితే తెచ్చి పెట్టుకోండి. పెదాలు నీలంగా మారి, ఊపిరి గురగురమంటూ లేదా ఆగి ఆగి వస్తూ, పిలిచినా కదలకపోతే ముందు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఒక ముక్కురంధ్రంలో ఒక స్ప్రే కొట్టి, ఊపిరి లేకపోతే నోటితో ఊదాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది. తేరుకోగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వదిలి వెళ్లకండి. నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, లోపలున్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండవచ్చు. మద్యానికీ నిద్రమాత్రలకూ ఇది పనిచేయదు కానీ, ఏది వాడాడో తెలియనప్పుడు ఇచ్చినా హాని లేదు.

మాని ఉండటానికి మందులు

ఓపియాయిడ్ వ్యసనానికి మెథడోన్, బుప్రెనార్ఫిన్ ఉన్నాయి. 1960లలో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ న్యూయార్క్‌లో మెథడోన్‌తో మొదలుపెట్టారు. ఇవి వాడుతున్నంతకాలం మరణాలు సుమారు సగానికి తగ్గుతాయి. ఇంత ఫలితం ఇచ్చే వైద్యం ఈ రంగంలో ఇంకొకటి లేదు. "ఒక మత్తు మాని ఇంకో మత్తా" అన్న మాట నేను ఒప్పుకోను. హెరాయిన్ రోజుకు మూడు నాలుగుసార్లు మెదడును ఎత్తి పడేస్తుంది. మెథడోన్ ఒక మోతాదు రోజంతా ఒకే మట్టంలో ఉంటుంది, మనిషి పనికి వెళ్లగలడు. బుప్రెనార్ఫిన్ రిసెప్టర్‌ను సగం మాత్రమే కదిలిస్తుంది, ఒక హద్దు దాటి ఊపిరిని అణచదు. మొదలుపెట్టే వేళ మాత్రం జాగ్రత్త. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగా ఇస్తే, అది దాన్ని రిసెప్టర్ల మీంచి తోసేసి కాసేపట్లోనే తీవ్రమైన విత్‌డ్రాయల్ తెస్తుంది. ఆవులింతలు, చెమటలు, పెద్దవైన కనుపాపలు స్పష్టంగా కనిపించేదాకా ఆగాలి. ఈ ఒక్క పొరపాటు జరిగితే "ఆ మాత్ర నాకు పడదు" అని మనిషి వైద్యానికే దూరమవుతాడు.

మద్యానికి నాల్‌ట్రెక్సోన్, రోజుకు 50 మిల్లీగ్రాములు. తాగితే వచ్చే కిక్కును తగ్గిస్తుంది. ఓపియాయిడ్ వాడేవాళ్లు 7 నుంచి 10 రోజులు అవి లేకుండా ఉన్నాకే వేసుకోవాలి. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు. తాగుడు ఆపాక మొదలుపెడతారు, కిడ్నీలు సరిగా ఉన్నాయో లేదో ముందు చూస్తారు. రోజుకు ఆరు మాత్రలు కావడంతో మధ్యాహ్నం మోతాదు ఎగిరిపోతుంది, ఫలితం పోయేది ఎక్కువగా అక్కడే. డైసల్ఫిరామ్ ఇంకో రకం. 1940ల చివర డెన్మార్క్‌లో వెలుగులోకి వచ్చింది. కాలేయంలో మద్యం విరిగే దారిని మధ్యలో ఆపేస్తుంది, తాగితే మొహం ఎర్రబడి, దడ, వాంతులు, బీపీ పడిపోవడం. చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. ఆపేసిన రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. మద్యం కలిసిన దగ్గుమందు కూడా రియాక్షన్ తెస్తుంది. దీన్ని చెప్పకుండా అన్నంలో కలిపి పెట్టడం ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. తెలియకుండా తాగిన మనిషికి గుండె ఆగే ప్రమాదముంది. నమ్మకం మీద నడవాల్సిన వైద్యం మోసంతో మొదలైతే ఏం మిగులుతుంది?

పొగాకుకు పట్టీ, చూయింగ్ గమ్ రెండూ కలిపి వాడితే ఏదో ఒక్కటి వాడటంకన్నా మెరుగు. గమ్‌ను బబుల్‌గమ్‌లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వికారం పెడుతుంది. నెమ్మదిగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. వాడే ముందు పావుగంట కాఫీ, పళ్లరసం తాగకూడదు, పులుపుకు నికోటిన్ ఒంటికి పట్టదు. కొకైన్, మెథాంఫెటమైన్‌లకు మాత్రం నిలబడ్డ మందు ఇంకా లేదు. అక్కడ బాగా పనిచేసేది వేరే ఉంది, దానికే వస్తున్నాను.

జబ్బైతే మరి ఎంపిక ఉండదా

ఈ అభ్యంతరం న్యాయమైనదే. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడి తిరిగొచ్చిన అమెరికా సైనికులను 1970లలో లీ రాబిన్స్ పరిశీలించింది. అక్కడ బానిసలైనవాళ్లలో ఇంటికి చేరిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు 5 శాతమే. జబ్బు కాదనడానికి దీన్ని చూపిస్తారు. నాకు ఇందులో కనిపించేది, దీపాలన్నీ సముద్రం అవతలే ఉండిపోయాయన్నది. అదే ఊళ్లో, అదే వీధిలో అలవాటుపడి అక్కడికే తిరిగి వెళ్లే మనిషికి ఆ అదృష్టం లేదు.

వాడిన ప్రతివాడూ బానిస కాడన్నదీ నిజమే. 1990ల ఆరంభపు అమెరికా సర్వేలో ఒక్కసారైనా వాడినవాళ్లలో వ్యసనంలో పడ్డది పొగాకుకు 32 శాతం, హెరాయిన్‌కు 23, కొకైన్‌కు 17, మద్యానికి 15. ఒకరు బానిసై ఇంకొకరు కాకపోవడంలో సుమారు సగం వంశపారంపర్యం. మిగతా సగంలో వయసు, చిన్నప్పటి దెబ్బలు, దిగులు జబ్బు, చుట్టూ ఏది దొరుకుతుందన్నది ఉన్నాయి.

జబ్బు అనడమంటే ఎంపిక చచ్చిపోయిందని కాదు, తక్కెడ ఒక వైపు ఒరిగిందని. 2018లో షాహమ్ ప్రయోగశాలలో మార్కో వెనీరో ఎలుకలకు రెండు మీటలు పెట్టాడు. ఒకటి నొక్కితే మత్తు, ఇంకొకటి నొక్కితే తోటి ఎలుకతో కాసేపు గడిపే వీలు. మెథాంఫెటమైన్‌కు, హెరాయిన్‌కు అలవాటుపడ్డవి కూడా దాదాపు ప్రతిసారీ తోడునే ఎంచుకున్నాయి. ఆ తోడు ఆలస్యంగా వస్తుందంటే మాత్రం మళ్లీ మత్తు వైపు మళ్లాయి. "ఏడాది మానితే మంచి ఉద్యోగం" అన్న ఆశ ఈ మెదడుకు చాలా దూరం. పరీక్షలో మత్తు లేదని తేలిన రోజే, చేతికే, చిన్న కూపన్ ఇచ్చే పద్ధతి కొకైన్, మెథాంఫెటమైన్ వ్యసనాలకు ఇప్పటిదాకా అన్నిటికన్నా మెరుగైన ఫలితం చూపింది. దాన్ని లంచమని తోసిపుచ్చడం తొందరపాటు.

ఇంట్లోవాళ్లకు

రాబర్ట్ మేయర్స్ రూపొందించిన క్రాఫ్ట్ పద్ధతి ఇంటివాళ్లకు నేర్పేది ఈ సూత్రమే. వైద్యం వద్దనే మనుషుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ ఇంటివాళ్లు శిక్షణ పొందాక వైద్యానికి ఒప్పుకున్నారు. తాగని సాయంత్రం పక్కన కూర్చోండి, అతనికి నచ్చింది ఏదైనా ఆ పూటే చేయండి. తాగొచ్చినప్పుడు తిట్లూ ఏడుపూ లేకుండా పక్కకు తప్పుకోండి, వాదన పెట్టుకోకండి. మత్తులో ఉన్న మనిషికి చెప్పింది ఏదీ నిలవదు. ఆఫీసుకు "జ్వరం" అని మీరు అబద్ధపు ఫోన్లు చేయకండి. కొడుతుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు మీరు, పిల్లలు భద్రంగా బయటపడాలి. వైద్యం మాట ఎత్తడానికి మంచి సమయం, ఏదైనా నష్టం జరిగిన మర్నాడు, తేటగా ఉన్నప్పుడు. రెండు వాక్యాల్లో చెప్పండి, అపాయింట్‌మెంట్ ముందే తీసి ఉంచండి. "సరే" అన్న మనసు రెండు రోజులు కూడా నిలవకపోవచ్చు.

వైద్యం తర్వాత మళ్లీ జారడం 40 నుంచి 60 శాతం మందిలో జరుగుతుంది. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు మందులు ఆపి మళ్లీ జబ్బుపడటం కూడా ఇంచుమించు ఇంతే. జారిన రాత్రి ప్రశ్నలు మూడే అడగండి. ఏది, ఎంత, ఎప్పుడు. ఓపియాయిడ్ అయితే ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. మద్యమైతే, నాల్‌ట్రెక్సోన్ వాడుతున్నవాళ్లు దాన్ని ఆపకూడదు, డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్లు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెథడోన్ మూడు రోజులకు మించి తప్పినవాళ్లు పాత మోతాదు తామంతట తాము వేసుకోకూడదు, డాక్టరు తగ్గించి మొదలుపెట్టాలి. మర్నాడు తేరుకున్నాక, మొదటి గుక్కకు ముందు గంటలో ఎక్కడున్నాడు, ఎవరితో, ఏం విన్నాడు, తిన్నాడా, ముందురోజు నిద్రపోయాడా అన్నవి కాగితం మీద రాయించండి. వచ్చే వారం అదే రోజు, అదే గంటకు అతను ఎక్కడ, ఎవరి పక్కన ఉంటాడో దాని కిందే రాసిపెట్టుకోండి.